కాలి బొటనవేలికి కట్టిన దారం

లీలమ్మ ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుకలు మొలవని చోటు ఒకటుంది. వేలి గోరంత. ఎవరైనా అడిగితే "నాడె తగిలింది" అంటుంది. అది అబద్ధం కాదు. మగ్గం మీద పోగును ఈ అంచు నుంచి ఆ అంచుకు మోసుకుపోయే నాడెకు రెండు కొసలా ఇనుప ములుకులుంటాయి. వాటిలో ఒకటి తగిలింది. కాకపోతే నాడె తనంతట తాను ఎగిరొచ్చి తగల్లేదు.

చండూరు నేతవాడకు ఆమె పదిహేడో ఏట కోడలిగా వచ్చింది. పుట్టిల్లు నందికొండ. కులానికి పద్మశాలీలే అయినా తండ్రి సాగర్ డ్యాము కాడ షట్టర్ల పనిలో కుదిరినవాడు గనుక ఆమెకు మగ్గం కొత్త. అత్త మొదటి వారమే ఆసు ముందు కూర్చోబెట్టింది. అర్ధచంద్రంలా మేకులు దిగ్గొట్టిన చెక్క అది. ఒక్కో మేకును చుట్టివచ్చేలా పోగును అటూ ఇటూ నడిపించాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి. లెక్క తప్పిందా, చీర మీద పువ్వు పక్కకు జరుగుతుంది. అట్లా లెక్కపెట్టడం లీలమ్మకు ఒంట్లో ఇంకిపోయింది. బిందె నిండేదాకా లెక్కే, రొట్టె కాలేదాకా లెక్కే. పెదవులు కదలవు, లోపల మాత్రం అంకెలు నడుస్తూనే ఉంటాయి.

ఆమె మొగుడు సిద్దిరాములు వాడలో పేరున్న పనిమంతుడు. ఇంట్లో ఉన్నది గుంత మగ్గం. నేల తవ్విన గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చుని నేయాలి. చనిపోయిన మామ పెట్టిపోయిన కట్టుబాటు ఒకటుంది ఆ ఇంటికి: మగ్గం గదిలోకి నిప్పు రాకూడదు. దేవుని దీపం కూడా బయటి గూట్లోనే. సిద్దిరాములు ఒక్క బీడీ తాగాలంటే నాడె పక్కన పెట్టి, గుంతలోంచి కాళ్లు లాక్కొని, రెండు చేతులూ నేలకానించి మూలుగుతూ లేచి, వాకిలి దాటి వీధరుగు మీదికి పోవాలి. ఇంత తతంగం ఉండబట్టి రోజుకు ఏడెనిమిది బీడీలు మించేవి కావు.

తెలంగాణ వచ్చిన మూడో ఏటి వానకాలంలో ఆ కట్టుబాటు తెగింది. అప్పటికే సిద్దిరాములుకు మెడ లావెక్కింది, రాత్రి గురక మూడిండ్ల అవతలికి వినిపిస్తోంది, పగలు మగ్గం మీదే కునుకు తూగుతోంది. అరుగు మీద జల్లు కొడుతోందని ఆ రోజు ముట్టించిన బీడీతోనే వచ్చి గుంతలో కూర్చున్నాడు. రెండు దమ్ములు లాగాడో లేదో తల వాలిపోయింది.

వంటింట్లో ఉన్న లీలమ్మకు వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. పట్టు కాలితే అదే వాసన. ఉరికొచ్చి చూస్తే మగ్గం మీదికి కొత్తగా ఎక్కించిన నిలువు పోగుల పడుగు నడుమ అరచేతంత మేర నల్లబడి ముడుచుకుపోతోంది. ఏడు చీరల పడుగు అది. ఒట్టి చేత్తోనే నిప్పు ఆర్పేసరికి వేళ్లు బొబ్బలెక్కాయి.

సిద్దిరాములు కళ్లు తెరిచాడు. పడుగును చూశాడు, ఆమెను చూశాడు. గుంతలోంచే చెయ్యెత్తి చెంప మీద కొట్టాడు.

"దేడ్‌దిమాగ్‌దానా! ఇంట్లుండి ఏం జేస్తున్నవే? నన్నెందుకు లేపలే?"

"నువ్వు నిద్రవోతవని నాకు కల వడ్డదా?"

ఆ మాటకు రెండో చెంప కూడా వాచింది. అంతకుముందు ఇరవై ఏళ్ల కాపురంలో అతను కొట్టలేదని కాదు. పండుగకో పబ్బానికో తాగి ఒకటీ అరా తగిలించేవాడు. తాగకుండా కొట్టడం మాత్రం ఆ రోజే మొదలు.

హైదరాబాద్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసే కొడుకు రాజేందర్ ఆ సంగతి విన్నాడు. తరువాతి ఏడాది ఇంటికి వస్తూ ఒక వస్తువు తెచ్చాడు. పెన్నులా సన్నగా, నల్లగా, మూతికి పెట్టుకుని పీల్చేది.

"బాపూ, గీ దాంట్ల నిప్పు లేదు, బూడిద లేదు. పట్టు మీద వెట్టుకొని తాగినా ఏం గాదు."

"నిప్పు లేకుంటె పొగెట్లొస్తదిరా?"

"పొగ గాదే, ఆవిరి. ఫోన్ లెక్క చార్జింగ్ వెట్టుకునుడే."

సిద్దిరాములు ఒక దమ్ము లాగి దగ్గాడు. మామిడిపండు వాసన గదంతా పరుచుకుంది. లీలమ్మ ఆ రోజు మనసారా నవ్వింది. "నయమే పో. నీ బీడీ కంపు కన్న గిది మేలు" అన్నది. మగ్గం పక్క గూట్లో పోగు చుట్టిన కండెలు పెట్టుకునే చోట దానికి జాగా చేసింది ఆమే. రాత్రి పడుకునే ముందు మరిచిపోకుండా చార్జింగ్ పెట్టిందీ ఆమే. నిప్పు లేదు గనుక మామ మాట దాటినట్టు కాదనుకున్నారు ఇద్దరూ. ఆ ముసలాయన నిప్పును ఆపాలనే కట్టుబాటు పెట్టాడు. పొగను ఆపుతున్నది మాత్రం ఆ గుంత. ప్రతి బీడీకీ గుంతలోంచి లేవాల్సిన ఆ కష్టమే ఇన్నాళ్లూ అతనికి గొళ్లెం. ఆ గొళ్లెం తీసి చేతికిచ్చామని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఇక గుంత దిగితే మధ్యాహ్నం అన్నానికే లేవడం. నాలుగు పోగులు నేయడం, ఒక దమ్ము. నాడె విసరడం, ఒక దమ్ము. సర్కారు ఆ పరికరాలను బందు పెట్టిందని రెండేళ్లకు పేపర్లో వచ్చింది. రాజేందర్‌కు దొరికే దారులు దొరికాయి. పైగా వీధిలోకి పోయినప్పుడల్లా బీడీ ఎలాగూ ఉండనే ఉంది.

రాత్రులు మారిపోయాయి. గురక మునుపటిలా సాగే గురక కాదు. ఎక్కి ఎక్కి, కొండెక్కినంత ఎక్కి, ఠక్కున ఆగిపోయేది. ఛాతీ ఎగిసిపడుతూనే ఉండేది గానీ ముక్కులోకి గాలి పోయేది కాదు. లీలమ్మ చీకట్లో లెక్కపెట్టేది. పది. పదిహేను. ఇరవై. గొంతులో ఎవరో పిడికిలి దూర్చినట్టు గుడగుడమని ఒక పెనుగులాట. ఆపైన బావిలోంచి తేలినవాడిలా నోరు తెరిచి ఒక్క పీల్పు. మళ్లీ గురక. మళ్లీ ఆగడం.

మొదటిసారి ఇరవై ఐదు దాటగానే భయపడి ఛాతీ మీద చెయ్యి వేసి ఊపింది. పిడికిలి వచ్చి దవడకు తగిలింది. ఒక పన్ను కదిలి, నోరంతా ఉప్పగా అయింది. అతని కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో ఆమె లేదు.

"ఎవ్వడ్రా... గొంతు వట్టిండు..." అని గొణిగి మళ్లీ ఒరిగిపోయాడు. తెల్లారి వాచిన దవడ చూసి "ఏమైందే?" అని అడిగాడు.

దగ్గరికి పోతే దెబ్బ. పోకపోతే అతని ఊపిరికే ముప్పు. లీలమ్మ మూడు రాత్రులు ఆలోచించి, తెగిన పడుగు పోగులను పేని ఒక దారం చేసింది. ఒక కొస అతని కుడికాలి బొటనవేలికి, ఇంకో కొస తన మణికట్టుకు. చెయ్యి అందనంత దూరంలో చాప. లెక్క ఇరవై ఐదు దాటితే దారం గుంజేది. అతను కాలు విదిలించి, గాలిలో నాలుగు గుద్దులు గుద్ది, ఊపిరి పీల్చి పక్కకు తిరిగేవాడు. రాత్రికి నలభైసార్లు, యాభైసార్లు. తెల్లారేసరికి మణికట్టు చుట్టూ ఎర్రటి గాజులా గాటు.

వాడకట్టులో చెప్పి చూసింది. పక్కింటి పుష్పమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీ మొగుడు గుర్రువెట్టి వంటడని నువ్వేడుస్తున్నవా? మా ఆయనకు నిద్రే రాదు, మార్చుకుందామా అక్కా?" నిద్ర గట్టిగా పట్టినవాడే గురక పెడతాడని అక్కడందరి నమ్మకం. లీలమ్మ నమ్మకమూ నిన్నమొన్నటి దాకా అదే.

యాదగిరిగుట్టకు తీసుకుపోయి ఒక రాత్రి నిద్ర చేయించింది. దేవుని దగ్గర పడుకుంటే పట్టినవి వదిలిపోతాయంటారు. సిద్దిరాములు గురకకు ఆ మంటపంలో పడుకున్న మొక్కుబడి జనమంతా లేచి కూర్చున్నారు. ఒక ముసలమ్మ దండం పెట్టి మరీ అడిగింది: "బిడ్డా, జర ఈయన్ను తీస్కపో. స్వామి గూడ లేచి కూసుంటడు."

పగళ్లు రాత్రుల కన్నా చెడ్డవి. నిద్ర తెగిన మనిషి మొహం పొద్దున్నే కమ్మరి కొలిమిలా ఉండేది. కూరలో ఉప్పు ఎక్కువైతే కంచం గోడకు. పోగు తెగితే పోగులను దగ్గరికి కొట్టే పన్నెను కాలితో తన్ని విరగ్గొట్టాడు. ఒకసారి ఆసును ఎత్తి వాకిట్లో పడేస్తే మేకులన్నీ ఊడి చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరుకుంటూ వంగిన ఆమె నడుం మీద తన్నాడు. ఆ పూట ఇంటికొచ్చి ఉండి అడ్డమొచ్చిన రాజేందర్ చెవి మీద కొడితే వారం రోజులు వాడికి ఆ చెవి మోగింది. మళ్లీ పండుగకు కూడా ఇంటికి రాలేదు వాడు.

కరోనా తగ్గిన ఏడు, ఎండాకాలం పగలు. లీలమ్మ బియ్యం ఏరుతోంది. మగ్గం చప్పుడు ఆగింది. గురక మొదలైంది. అది కూడా ఆగింది. చేటలో వేళ్లు నిలిచిపోయి, లోపల అంకెలు కదిలాయి. ఇరవై. ఇరవై ఐదు. ముప్పై.

లేచి చూస్తే అతను నేసిన బట్ట మీదికి తల వాల్చి ఉన్నాడు. చెవులు నీలం తిరిగాయి. కాళ్లేమో గుంతలో. దారం కట్టడానికి బొటనవేలు లేదు, గుంజడానికి దూరం లేదు. దగ్గరికి పోయి రెండు భుజాలూ పట్టి కుదిపింది.

అతని కుడి చేతిలో నాడె ఉందన్నది ఆమె చూడలేదు.

మొదట నొప్పి తెలియలేదు. కంటి మీదికి వెచ్చగా ఏదో జారింది. నేసిన చీర తెల్లటి అంచు మీద ఎర్రటి చుక్కలు టపటపా రాలాయి. ములుకు కనుబొమను చీల్చుకుని ఎముకను తాకి ఆగింది. ఇంకో గోరంత కిందికి దిగితే కన్నే.

సిద్దిరాములు ఒగురుస్తూ చూశాడు. ఈసారి కళ్లలో చూపు ఉంది. ఆ చూపు ఆమె మొహం మీదికి రాకముందు బట్ట మీదికి పోయింది.

"అయ్యో... చీర గరాబైంది గదనే!" అని, నెత్తురు కారుతున్న మొహం మీద అరచేత్తో చరిచాడు. "దూరం జరుగు!"

లీలమ్మ దూరం జరిగింది. చెంగు కంటికి అదిమి పట్టుకుని, వాకిలి దాటి, పుష్పమ్మ ఇంటి గడపలో కూర్చుంది. పుష్పమ్మ నవ్వలేదు. తనే నందికొండకు ఫోన్ చేసింది.

లీలమ్మ అన్న వెంకన్న సాగర్ నీళ్లలో వలలేసే మనిషి. పడవలు లాగిన చేతులు. మరుసటి రోజు పదిగంటలకు కులసంఘం ఇంట్లో పంచాయితీ కూర్చోబెట్టాడు. పెద్దమనిషి బాలయ్య నడుమ కుర్చీలో, అటూ ఇటూ బల్లల మీద వాడ మగవాళ్లు, గుమ్మం దగ్గర ఆడవాళ్లు. లీలమ్మ తలకు కట్టుతో గోడవారన నిలబడింది.

"ఏం రా సిద్దిరాములు," అన్నాడు బాలయ్య, "ఆడమనిషిని నాడెతోని పొడుస్తవా? నాడె మనకు సరస్వతిరా!"

"నాకేం ఎర్కలేదు మామా. నిద్రల ఉంటి. ఎవడో గొంతు పిసికినట్టైంది, చెయ్యి విసిరిన."

బల్లల మీద నవ్వులు లేచాయి. "నిద్రల గురి మస్తు కుదిరిందిరా నీకు" అన్నాడొకడు. వెంకన్న మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి బావ చెంప పగలగొట్టాడు. సిద్దిరాములు బల్ల మీంచి దొర్లి కింద పడితే, గల్లా పట్టి లేపి మళ్లీ కూర్చోబెట్టాడు.

"గిది నిద్ర గాదు. యాదుంచుకో."

నలుగురు కలిసి వెంకన్నను వెనక్కి లాగారు. బాలయ్య గొంతు సవరించుకుని కులం పరువు, పెద్దల కాలం, తన కాలం అన్నీ వరుసగా అందుకున్నాడు. ఆయన మొదలుపెడితే మధ్యలో ఆపే అలవాటు లేదు. ఉక్కబోత. నెత్తి మీద ఫ్యాను కిర్రుమంటోంది. చెంప మీద ఐదు వేళ్లూ అచ్చుపడి ఉండగానే సిద్దిరాములు గోడకు ఆనుకున్నాడు. తల వెనక్కి వాలింది. నోరు తెరుచుకుంది. సంఘం ఇల్లు దద్దరిల్లేలా గురక.

"చూసిన్రా!" వెంకన్న గొంతు చిరిగింది. "నా చెల్లె నెత్తురు ఆరలే, వీడు నిద్రవోతుండు! గింత బలుపా!" పక్కనున్న ఇనుప కుర్చీని మడిచి పైకెత్తాడు.

అప్పుడు గురక ఆగింది.

"అన్నా, ఆగు" అంది లీలమ్మ. పెద్దగా అనలేదు. అయినా అందరూ ఆగారు. "కొట్టకు. జూడు. అందరు జూడుండ్రి."

చూశారు. మొదట ఏమీ అర్థం కాలేదు. తరువాత అతని పొట్ట లోపలికి పోయి బయటికి రావడం, గాలి చప్పుడు మాత్రం లేకపోవడం కనిపించింది. లీలమ్మ లెక్క ఆ రోజు మొదటిసారి పైకి వినిపించింది.

"పదమూడు. పద్నాలుగు."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"ఇరవై రెండు. ఇరవై మూడు."

పెదవులు నల్లబడుతున్నాయి. ఇరవై ఐదు దగ్గర ఆమె కుడిచెయ్యి తనంతట తాను ఎడమ మణికట్టు మీదికి పోయింది. అక్కడ గాటు ఉంది, దారం లేదు. ముప్పై. తానేం చేయకపోయినా సరిపోతుందని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. ఇంతమంది కళ్లముందు, పట్టపగలు, తన చెయ్యి పడకుండా. ఎవరూ వేలెత్తి చూపలేరు. నొప్పెడుతున్న కనుబొమ కింద ఆ తలపు చల్లగా ఉంది. ముప్పై ఐదు. ముప్పై ఎనిమిది. అంత దూరం ఆమె లెక్క ఎన్నడూ పోలేదు.

"లేపుండ్రిరా, సస్తుండు!" బాలయ్య కుర్చీలోంచి లేచాడు.

"నలభై ఒకటి," అని లీలమ్మ వంగి అతని కుడికాలి బొటనవేలు పట్టి, ఊడివస్తుందా అన్నట్టు గుంజింది.

అదే క్షణాన వెంకన్న కుర్చీ పడేసి బావ ఛాతీ మీద గుద్దాడు. సిద్దిరాములు బొబ్బరించి లేచాడు. లేస్తూనే ముందున్న మొహం మీద పిడికిలి దించాడు. వెంకన్న ముక్కు నుంచి నెత్తురు బుస్సుమంది. ఆరుగురు మీదపడి పట్టుకుంటే గానీ అతను ఆగలేదు. ఆ ఆరుగురూ ఆ కళ్లను దగ్గరగా చూశారు. తెరుచుకుని ఉన్నాయి. ఎవరినీ చూడటం లేదు.

నిమ్మళించాక అతను అడిగాడు: "బావా, నీ ముక్కుకు ఏమైంది?"

ఎవరూ నవ్వలేదు. గుమ్మం దగ్గర పుష్పమ్మ ఏడుస్తోంది. "చెప్పింది గదా... నాకు చెప్పింది గదా..." అంటోంది.

బాలయ్యకు ఊరట దొరికినట్టయింది. "గిది రోగం బిడ్డా. మనిషి తప్పు గాదు. దవాఖానకు తీస్కపోదాం. నువ్వు ఇంటికి నడువు."

లీలమ్మ కదల్లేదు.

"మామా, నాడెతోని పొడిచింది రోగం. ఒప్పుకుంట. పొడిచినంక చీర జూసి చెంప మీద కొట్టింది రోగం గాదు. అప్పుడు ఈన మెలకువతోనే ఉండె. నడుం మీద తన్నినప్పుడు గూడ మెలకువనే." ఆమె మొగుడి వైపు తిరిగింది. "నిద్ర లేక చిరచిర అంటరు. నేను గూడ నిద్రవోలే నాలుగేండ్ల సంది. నేనెవ్వర్నన్న కొట్టిన్నా?"



"రోగం బాగు చేయించుకో. అది పోయినంక ఏం మిగుల్తదో, అదే నువ్వు. అప్పుడు జూసి చెప్త ఉండాల్నో వద్దో."

ఆ సాయంత్రమే ఆమె వెంకన్నతో నందికొండ పోయింది. బయలుదేరే ముందు ఆ దారాన్ని చుట్టచుట్టి పుష్పమ్మ చేతిలో పెట్టింది. "నా కొడుకొచ్చేదాక నీ మొగుణ్ని మా ఇంట్ల నా చాప మీద పండవెట్టు. ఇరవై ఐదు దాటితే గుంజమను." నిద్ర రాని మనిషికి ఆ పని దొరికింది.

రాజేందర్ వచ్చి బాపును హైదరాబాద్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయాడు. ఒంటి నిండా తీగలు అతికించి ఒక రాత్రి పడుకోబెట్టారు. పొద్దున డాక్టరమ్మ కాగితాలు తిరగేసి చెప్పింది. నిద్రలో గొంతు కండలు వదులై దారి మూసుకుపోతోందని, దాన్ని స్లీప్ ఆప్నియా అంటారని, మెడ లావు ఒక కారణమైతే, ఏళ్ల తరబడి పొగకు గొంతు లోపల వాచి ఉండటం దాన్ని ఇంకా చెడగొడుతుందని.

"బీడీ తగ్గించిండు మేడం," అన్నాడు రాజేందర్. "ఎక్కువ గిదే." జేబులోంచి ఆ నల్లటి పెన్ను తీశాడు.

"రోజుకు ఎంతసేపు?"

తండ్రీ కొడుకులు మొహాలు చూసుకున్నారు. గుంతలో కూర్చున్నంత సేపు అని సిద్దిరాములు ఒప్పుకున్నాడు.

"నిప్పు లేనంత మాత్రాన గొంతుకు మంచిదని కాదయ్యా. అందులోనూ నికోటిన్ ఉంటుంది. నిద్రను అదీ చెడగొడుతుంది. రెండూ మానెయ్." ముక్కుకు తగిలించుకుని పడుకునే గాలి మిషన్ ఒకటి రాసిచ్చింది. రాజేందర్ మెట్లు దిగుతూ ఆ పెన్నును చెప్పు కింద వేసి తొక్కాడు. అది పగలడానికి నాలుగు తొక్కులు పట్టింది.

లీలమ్మ ఐదు నెలలకు వచ్చింది. ఉండటానికి అని చెప్పలేదు, చూడటానికి అంది. మొదటి రాత్రి వేరే గదిలో గొళ్లెం పెట్టుకుని పడుకుంది. గోడ అవతల మిషన్ సన్నగా గాలి ఊదుతోంది. లెక్కపెట్టడానికి ఆగే ఊపిరి లేక ఆమెకే నిద్ర పట్టలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం. ఆమె ఆసు పోస్తోంది, అతను నేస్తున్నాడు. ఆసు మీద రెండు పోగులు తప్పాయని, అట్లాగే నేస్తే పువ్వు పక్కకు జరుగుతుందని అతని కంట పడింది. తప్పు ఆమె లెక్కదే. నాడె ఆగింది.

"కండ్లు దొబ్బినయా?" అన్నాడు సిద్దిరాములు. మెడ నరాలు లేచాయి. కుడిచెయ్యి నాడెతో సహా భుజం ఎత్తుకు లేచింది.

లీలమ్మ లేవలేదు. తల వంచుకోలేదు. ఆ చేతి వైపే చూస్తూ కూర్చుంది. నందికొండ నుంచి తెచ్చుకున్న సంచి వాకిట్లో సర్దే ఉంది.

చెయ్యి అక్కడే ఆగింది. అతను ఎడమచేత్తో ఆ నాడెను తీసి బట్ట మీద పెట్టాడు. గుంతలోంచి కాళ్లు లాక్కున్నాడు. రెండు చేతులూ నేలకానించి, మూలుగుతూ లేచాడు. వాకిలి దాటి, ఒకప్పుడు బీడీ తాగే వీధరుగు మీదికి పోయి కూర్చున్నాడు. నోట్లో ఏమీ లేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.

లీలమ్మ లోపల అంకెలు మొదలయ్యాయి. వంద. రెండు వందలు. నాలుగు వందల పన్నెండు దగ్గర అతను లోపలికి వచ్చి, గుంతలోకి కాళ్లు దించాడు.

"రెండు పోగులు తప్పినయి. ఇప్పుకొని మళ్ల ఆసు వోద్దాం" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

ఆమె ఆసు మీది పోగును తప్పు జరిగిన మేకు దాకా వెనక్కి విప్పింది. వాకిట్లో సంచిని ఆ పూట విప్పలేదు.